ఊళ్ళోని కెమెరా యాప్‌లో కనిపిస్తోంది, నేరుగా మాత్రం అందడం లేదు: 100తో మొదలయ్యే ఈ చిరునామా ఏమిటి?

కాలువగట్టు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మా నాన్నా పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఊళ్ళోనే ఉంటున్నారు. ఇద్దరికీ వయసు మీద పడింది కాబట్టి, సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాకిట్లో, పెరట్లో, మేడ మెట్ల దగ్గర, గేటు పక్కన నాలుగు కెమెరాలు పెట్టించి, రికార్డింగు కోసం ఎన్‌వీఆర్ పెట్టెను హాల్లో అమర్చాను. ఇంటికి స్థానిక ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ కనెక్షన్ ఉంది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ల్యాప్‌టాప్‌లో 192.168.1.64 అని కొట్టగానే నాలుగు కెమెరాలూ కనిపించేవి. చిక్కంతా హైదరాబాదు తిరిగి వచ్చిన తరువాత మొదలైంది.

కెమెరాలతో పాటు వచ్చిన యాప్‌లో దృశ్యం కనిపిస్తూనే ఉంది. అయితే అది కెమెరా తయారు చేసిన సంస్థ సర్వర్ మీదుగా వస్తోందని తెలిసినప్పటి నుండి, మా అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తున్న దృశ్యం ఎక్కడో ఎవరిదో యంత్రం గుండా రావడం నాకు నచ్చడం లేదు. అందువల్ల వీడియోలు చూసి, ఊళ్ళో ఉన్న మా పిన్ని కొడుకుని ఫోనులో కూర్చోబెట్టుకుని, రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టించాను. బయటి నుండి 554 పోర్టుకు వచ్చేది 192.168.1.64కు పంపాలి అన్నది ఆ నియమం. మూడు రోజులు ప్రయత్నించినా ఇక్కడి నుండి అది తెరుచుకోలేదు.

ఇంతలో ఒక విషయం గమనించాను. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ చిరునామా, అంటే రౌటర్‌కు బయటివైపు ఉండే చిరునామా, 100.72.14.9 అని ఉంది. అదే ఇంట్లో బ్రౌజర్ తెరిచి 'నా ఐపీ ఏమిటి' అని వెతికితే 203.0.113.25 అని వచ్చింది (అసలు అంకెలు మార్చి రాస్తున్నాను). ఒకే ఇంటికి ఒకే సమయంలో మూడు చిరునామాలు ఎలా ఉంటాయి? నేను పెట్టించిన నియమంలో తప్పేమైనా ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, యాప్‌కు అందుతున్న పెట్టె నాకు ఎందుకు అందడం లేదు? పరిష్కారం ఒక్కటే చెప్పి వదిలేయకుండా, కారణం కూడా వివరించగలరని కోరుతున్నాను. నేను వాణిజ్య శాస్త్రం చదువుకున్నవాడిని. కంప్యూటర్ పదాలు కొన్ని తెలుసు, వాటి వెనుక ఉన్న పని తెలియదు.

ల్యాబ్‌మాస్టారు

కాలువగట్టు గారికి నమస్కారం. ముందుగా చెప్పవలసినది, మీ నియమంలో తప్పు లేదు. ఆ నియమం దాకా ఎవరూ రావడం లేదు, అంతే. మీరు చూసిన మూడు చిరునామాల సంగతి తెలిస్తే మిగతాది దానంతట అదే తెలుస్తుంది కాబట్టి అక్కడి నుండే మొదలుపెడతాను.

నెట్‌వర్కులో ప్రయాణించే సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళుతుంది. ప్రతి ప్యాకెట్ మీద పంపినవారి ఐపీ చిరునామా, అందుకోవలసినవారి ఐపీ చిరునామా రాసి ఉంటాయి. దారిలోని రౌటర్లు గమ్యం చిరునామాను మాత్రమే చూసి, దానిని ఏ వైపు తోయాలో నిర్ణయిస్తాయి. ఒక యంత్రంలో అనేక ప్రోగ్రాములు నడుస్తుంటాయి కాబట్టి, అందులో ఏ ప్రోగ్రాముకు చేరాలో చెప్పే మరో సంఖ్య ఉంటుంది. అదే పోర్ట్. వెబ్ పేజీలకు 80, 443, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌కు 53, మీ కెమెరా వీడియోకు 554 వాడుక పోర్టులు. పోర్ట్ 16 బిట్ల సంఖ్య కాబట్టి 65,535కు మించదు. ఈ హద్దును గుర్తుంచుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

ఇక ఐపీ చిరునామా. మనం ఎక్కువగా చూసే నాలుగో కూర్పు, అంటే ఐపీవీ4, 1981 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 791గా వెలువడింది (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులను ప్రకటించే సంఖ్యల వారీ పత్రాలు). అందులో చిరునామా పొడవు 32 బిట్లు. లెక్క కడితే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలు వస్తాయి. అప్పటికి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు మాత్రమే. ఐపీ రూపకర్తలలో ఒకరైన వింట్ సెర్ఫ్, ఒక ప్రయోగానికి 32 బిట్లు చాలుననుకున్నామని, ఆ ప్రయోగమే ఆగకుండా లోకమంతా పాకిందని తరువాతి కాలంలో పలుమార్లు చెప్పారు. 1990ల నాటికే ఈ చిరునామాలు చాలవని తేలిపోయింది.

అప్పుడు చేసిన సర్దుబాటు ఏమిటంటే, కొన్ని చిరునామాలను ఎవరి సొంతమూ కాకుండా పక్కన పెట్టి, వాటిని ఎవరి ప్రాంగణంలో వారు అనుమతి అడగకుండా వాడుకోవచ్చునని 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకటించింది. 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుండి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవన్నీ ఆ కోవలోనివి. మన ఇళ్ళలో ముద్దుపేర్లు ఎలాంటివో ఇవీ అలాంటివే. ప్రతి ఇంట్లోనూ ఒక బుజ్జి ఉంటాడు. ఇంట్లో 'బుజ్జీ' అని పిలిస్తే పలకవలసినవాడే పలుకుతాడు. అదే పేరు కవరు మీద రాసి తపాలా పెట్టెలో వేస్తే మాత్రం ఆ ఉత్తరం ఏ ఇంటికీ చేరదు. మీ ఎన్‌వీఆర్‌కు 192.168.1.64 ముద్దుపేరు. అదే ముద్దుపేరుతో ఈ క్షణాన లోకంలో లక్షలాది పెట్టెలు ఉన్నాయి. ఇంటర్నెట్ నడిబొడ్డున ఉండే రౌటర్లకు అలాంటి చిరునామాతో ప్యాకెట్ వస్తే అవి దానిని పారవేస్తాయి.

మరి ముద్దుపేరు మాత్రమే ఉన్న పెట్టె బయటి సర్వర్‌తో ఎలా మాట్లాడుతోంది అంటే, మధ్యలో మీ రౌటర్ చిరునామాను మార్చి రాస్తుంది. ఈ పనిని నాట్ అంటారు. ఎన్‌వీఆర్ నుండి 192.168.1.64, పోర్ట్ 50312 అనే చిరునామాతో ఒక ప్యాకెట్ బయలుదేరితే, రౌటర్ ఆ స్థానంలో తన వ్యాన్ చిరునామాను, తాను ఎంచుకున్న పోర్టును రాసి పంపి, ఆ మార్పును తన పట్టికలో నమోదు చేసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు పట్టిక చూసి, ఇది బుజ్జికి వచ్చిన జవాబు అని గుర్తుపట్టి లోపలికి అందిస్తుంది. పట్టికలో లేని ప్యాకెట్ బయటి నుండి వస్తే ఎవరికి ఇవ్వాలో తెలియక వదిలేస్తుంది. పోర్ట్ ఫార్వార్డింగ్ అంటే ఆ పట్టికలో మనం ముందుగానే, మన చేత్తో, ఒక వరుస రాసి ఉంచడం.

మీ విషయంలో ఇంకొక మెట్టు అదనంగా ఉంది. 100.64.0.0 నుండి 100.127.255.255 వరకు ఉన్న 41 లక్షల 94 వేల 304 చిరునామాలను 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ఒక ప్రత్యేక అవసరానికి కేటాయించింది. ఆపరేటర్ తన ఖాతాదారుల రౌటర్లకు లోపలి చిరునామాలుగా ఇచ్చుకోవడానికే అవి ఉన్నాయి. మీ 100.72.14.9 సరిగ్గా ఆ పరిధిలోనిది. అంటే మీ రౌటర్‌కు సైతం ముద్దుపేరే ఉంది. అసలు ఇంటి నంబరు, అంటే లోకానికి తెలిసిన 203.0.113.25, మీ ఆపరేటర్ కేంద్రంలో ఉన్న పెద్ద నాట్ యంత్రానిది. దీనినే క్యారియర్ గ్రేడ్ నాట్, పొట్టిగా సీజీనాట్ అంటారు. ఒక చిరునామాకు ఉన్న 65 వేల చిల్లర పోర్టులను ఇంటికి వెయ్యి చొప్పున పంచితే, ఒకే చిరునామా వెనుక అరవైకి పైగా ఇళ్ళను కూర్చోబెట్టవచ్చు.

ఇప్పుడు మీరు హైదరాబాదు నుండి 203.0.113.25, పోర్ట్ 554 అని తలుపు తట్టినప్పుడు ఆ ప్యాకెట్ ఆపరేటర్ యంత్రం దగ్గరికి వస్తుంది. దాని పట్టికలో ఆ పోర్టుకు మీ ఇంటి పేరు లేదు. అరవై ఇళ్ళలో ఎవరికని ఇస్తుంది? అక్కడే పారవేస్తుంది. మీరు శ్రమపడి రాయించిన వరుస మీ ఇంటి రౌటర్‌లో భద్రంగానే ఉంది, దానిని చూసే అవకాశమే ఎవరికీ రావడం లేదు.

నైట్‌డ్యూటీ

మాస్టారు గారు చెప్పినది నిజమో కాదో మీరే పరీక్షించి చూసుకోవచ్చు. ఊళ్ళోని కంప్యూటర్ నుండి, నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి, ట్రేసర్ట్ ఆదేశంతో మీ బయటి చిరునామానే, అంటే 203.0.113.25నే, అడగమనండి. ప్రతి ప్యాకెట్ మీదా టీటీఎల్ అనే ఒక సంఖ్య ఉంటుంది. దారిలోని ఒక్కొక్క రౌటర్ దానిలో ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయిన చోట ప్యాకెట్‌ను పారవేసి ఆ సంగతి పంపినవారికి తెలియజేస్తుంది. ట్రేసర్ట్ ఆ సంఖ్యను 1, 2, 3 అని పెంచుకుంటూ పంపుతుంది కాబట్టి దారిలో ఉన్న రౌటర్లు ఒక్కొక్కటీ తమ చిరునామా చెబుతాయి. ఆ బయటి చిరునామా నిజంగా మీ రౌటర్‌దే అయితే దారి మొదటి అడుగులోనే ముగియాలి. అంతకు మించి అడుగులు ఉంటే అది మీ ఇంటి వెలుపల ఉన్నట్టు.

ఒక జాగ్రత్త. వ్యాన్ చిరునామా 100తో కాక 192.168తో మొదలైతే కారణం సాధారణంగా వేరుగా ఉంటుంది. ఫైబర్ తీగ దిగే ఓఎన్‌టీ పెట్టె స్వయంగా నాట్ చేస్తూ, దాని వెనుక మీరు కొన్న రౌటర్ మళ్ళీ నాట్ చేస్తూ ఉంటుంది. అలాంటప్పుడు ఓఎన్‌టీని, నాట్ చేయకుండా ప్యాకెట్లను అలాగే దాటించే బ్రిడ్జ్ పద్ధతికి మార్పిస్తే సరిపోతుంది. ఆ తేడా తెలియక ఆపరేటర్‌తో వాదించి అలసిపోయినవారిని చూశాను.

కాలువగట్టు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పరీక్ష చేయించాను. మొదటి అడుగు 192.168.1.1, రెండవది 100.64తో మొదలయ్యే చిరునామా, మూడవది 10తో మొదలయ్యేది, నాలుగవ అడుగులో 203.0.113.25 వచ్చింది. అంటే లోకానికి తెలిసిన ఇంటి నంబరు మా ఇంటిది కాదన్నమాట. ఇన్ని రోజులు నా చేతగానితనమేమో అనుకుని బాధపడ్డాను.

మాస్టారు గారి ముద్దుపేరు పోలిక చదివినప్పుడు నాకు మా చిన్నప్పటి ఎస్‌టీడీ బూత్ గుర్తుకు వచ్చింది. బూత్ నుండి దేశంలో ఎవరికైనా ఫోను చేసేవాళ్ళం, మాకు ఎవరైనా చేయాలంటే మాత్రం దారి ఉండేది కాదు. మా వీధిలో ఫోను ఉన్న ఒకే ఒక్క ఇంటి నంబరును అందరూ శుభలేఖల మీద పీపీ అని పక్కన రాసి వేయించుకునేవారు. ఇప్పుడు నా సందేహం ఇదే. ఆపరేటర్ యంత్రం బయటివారిని లోపలికి రానివ్వదు కదా, మరి కెమెరా సంస్థ యాప్ మాత్రం ఎలా లోపలికి వెళుతోంది? వాళ్ళకు ఆపరేటర్ ప్రత్యేకంగా తలుపు తెరిచి ఉంచాడా?

తీగలమేస్త్రి

లేదండి, ఎవరూ ఎవరికీ తలుపు తెరవలేదు. యాప్ లోపలికి వెళ్ళడమే లేదు. లోపల ఉన్న మీ ఎన్‌వీఆరే ముందుగా బయటికి వచ్చి పలకరిస్తోంది. ఎవరు ముందు పలకరించారు అన్న ఒక్క విషయం మీదే ఈ వ్యవహారమంతా నిలబడి ఉంది కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తాను.

టీసీపీ పద్ధతిలో రెండు యంత్రాలు మాట్లాడుకోవాలంటే ముందు మూడు మాటల పరిచయం జరగాలి. మొదటి యంత్రం 'సిన్' అనే ప్యాకెట్ పంపుతుంది, రెండవది 'సిన్-ఆక్' అని బదులిస్తుంది, మొదటిది 'ఆక్' అని ధ్రువపరుస్తుంది. ఆ తరువాత రెండు వైపుల నుండి సమాచారం పారవచ్చు. నాట్ యంత్రం ఆ మొదటి సిన్ లోపలి నుండి బయటికి వెళ్ళడం చూసి పట్టికలో వరుస రాసుకుంటుంది. ఒకసారి వరుస పడిన తరువాత, ఆ సర్వర్ నుండి వచ్చేది ఎంతైనా సరే, ఏమైనా సరే, లోపలికి వస్తుంది. మీ ఎన్‌వీఆర్ కరెంటు రాగానే కెమెరా సంస్థ సర్వర్‌కు ఇలాంటి సిన్ పంపి, ఆ సంబంధాన్ని తెగనివ్వకుండా పట్టుకుని కూర్చుంటుంది. మీరు హైదరాబాదులో యాప్ తెరిచినప్పుడు మీ ఫోను సైతం అదే సర్వర్‌కు వెళుతుంది. సర్వర్ ఈ రెండింటి మధ్య కూర్చుని ఒకరి మాట మరొకరికి అందిస్తుంది. మీ శుభలేఖలోని పీపీ నంబరు ఇంటివారు చేసిన పని అదే.

అయితే ప్రతిసారీ దృశ్యమంతా సర్వర్ గుండానే వస్తుందనుకోవడం సరికాదు. అంత వీడియోను మోయడం సంస్థకు ఖర్చు కాబట్టి, యాప్, ఎన్‌వీఆర్ ముందుగా వేరే ప్రయత్నం చేస్తాయి. టీసీపీ కాక యూడీపీ అనే మరో పద్ధతి ఉంది. అందులో మూడు మాటల పరిచయం లేదు, ప్యాకెట్ వేసి ఊరుకోవడమే. కాబట్టి సర్వర్ మీ ఎన్‌వీఆర్‌కు బయట కనిపిస్తున్న చిరునామాను, పోర్టును మీ ఫోనుకు చెబుతుంది, ఫోనువి ఎన్‌వీఆర్‌కు చెబుతుంది. రెండూ ఒకే సమయంలో ఒకదానివైపు ఒకటి ప్యాకెట్లు విసురుతాయి. ఎవరి నాట్ పట్టికలో వారి ప్యాకెట్ వల్ల వరుస పడుతుంది కాబట్టి, ఎదురుగా వచ్చేది జవాబులాగా కనిపించి లోపలికి వచ్చేస్తుంది. దీనిని హోల్ పంచింగ్ అంటారు. బయటికి ఏ రూపంలో కనిపిస్తున్నామో సర్వర్‌ను అడిగి తెలుసుకునే పద్ధతికి స్టన్ అని, అది కుదరనప్పుడు మధ్యవర్తి గుండా పంపే పద్ధతికి టర్న్ అని ప్రామాణికాలు ఉన్నాయి. నాట్ యంత్రం ఎవరితో మాట్లాడినా ఒకే బయటి పోర్టును వాడితే ఈ ఉపాయం పారుతుంది. ఒక్కొక్క గమ్యానికి ఒక్కొక్క కొత్త పోర్టు ఇచ్చే రకమైతే, సర్వర్ చెప్పిన పోర్టు మనకు పనికిరాదు, అప్పుడు మధ్యవర్తే గతి. మీ యాప్ కొన్నిసార్లు చురుగ్గా, కొన్నిసార్లు నెమ్మదిగా ఉంటే కారణం తరచుగా ఇదే.

పట్టికలోని వరుసకు ఆయుష్షు ఉంటుందని కూడా తెలుసుకోవాలి. టీసీపీలో స్థిరపడిన సంబంధాన్ని, మాటలు లేకపోయినా, కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలని ప్రామాణికం చెబుతోంది. యూడీపీకి కనీసం 2 నిమిషాలు. ఆచరణలో కొన్ని యంత్రాలు అంతకంటే ముందే చెరిపేస్తాయి. అందువల్ల లోపలి యంత్రం కొన్ని సెకన్లకు ఒకసారి ఖాళీ ప్యాకెట్ పంపుతూ, నేనున్నాను అని గుర్తుచేస్తూ ఉండాలి.

మీకు నా సలహా ఏమిటంటే, ఇదే ఉపాయాన్ని మీ సొంత సర్వర్‌తో చేసుకోండి. బయటి చిరునామా ఉన్న చిన్న సర్వర్‌ను నెలకు అద్దెకు తీసుకుని, ఊళ్ళో ఎప్పుడూ వెలిగి ఉండే 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్‌ను పెట్టి, దాని నుండి ఆ సర్వర్‌కు వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాముతో సొరంగం వేయండి. మీ ల్యాప్‌టాప్ నుండి సర్వర్‌కు ఇంకొక సొరంగం. ప్యాకెట్లు దారిలో గుప్తలిపిలో ఉంటాయి. సర్వర్ మీ చేతిలోనే ఉంటుంది, కెమెరా పెట్టె లోకానికి కనిపించదు. ఆపరేటర్‌ను అడిగి అదనపు రుసుముతో స్థిరమైన పబ్లిక్ చిరునామా తీసుకోవడం రెండవ మార్గం. అది సులువే కానీ, అలా తీసుకుని 554ను లోకానికి తెరిచి పెట్టడం నేను ఒప్పుకోలేను.

ల్యాబ్‌మాస్టారు

తీగలమేస్త్రి గారి చివరి మాటను బలపరుస్తూ ఒక్క సంగతి చెబుతాను. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను వెతికి పట్టుకుంది. దాని ఆయుధమల్లా సుమారు 60 జతల వాడుక పేర్లు, పాస్‌వర్డులు మాత్రమే. అన్నీ తయారీదారులు పెట్టి పంపినవి, కొన్నవారు మార్చనివి. ఆ పెట్టెలన్నింటితో కలిసి 2016 అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద దాడి చేయగా, అమెరికాలో చాలామందికి పేరున్న వెబ్‌సైట్లు గంటల పాటు తెరుచుకోలేదు. మీ సీజీనాట్ మీకు తెలియకుండానే ఇలాంటి వారి నుండి కాపాడుతోంది.

పొడుగుచిరునామా

మాస్టారు గారి మీద గౌరవంతోనే చివరి వాక్యంతో విభేదిస్తున్నాను. నాట్ కాపలాదారు కాదు. ఎవరికి ఇవ్వాలో తెలియక ప్యాకెట్‌ను వదిలేయడం వేరు, ఎవరిని రానివ్వకూడదో తెలిసి ఆపడం వేరు. ఇంట్లోని ఏ పరికరమైనా, రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సదుపాయం తెరిచి ఉంటే, దాని ద్వారా రౌటర్‌ను అడిగి తనకు తానే తలుపు తెరిపించుకోగలదు, దానికి మీ అనుమతి అడగదు. కాపలా పని ఫైర్‌వాల్‌ది. ఈ రెండింటినీ ఒకటిగా చూసే అలవాటు వల్లే, నాట్ అవసరం లేని ఐపీవీ6ను, అంటే ఐపీ ఆరో కూర్పును, చూసి మనవాళ్ళు అనవసరంగా భయపడుతున్నారు.

అసలు చిరునామాల కరవుకు నాట్ మందు కాదు, మందు దొరికేదాకా కట్టిన కట్టు. అసలు మందైన ఐపీవీ6 1998 డిసెంబరులోనే ఆర్‌ఎఫ్‌సీ 2460 రూపంలో తయారైంది. చిరునామా పొడవు 128 బిట్లు. ఒక ఇంటికి ఇచ్చే అతి చిన్న వాటాలో సైతం 64 బిట్లు ఇంటివారి చేతిలో ఉంటాయి. అంటే మొత్తం ఐపీవీ4 లోకంలో ఉన్నన్ని చిరునామాలు 429 కోట్ల సార్లు పడతాయి. మీ ఎన్‌వీఆర్‌కు, మీ టీవీకి, నాన్నగారి ఫోనుకు దేనికది సొంత ఇంటి నంబరు ఉండవచ్చు. అయినా లోకం ఆలస్యం చేసింది. 2011 ఫిబ్రవరి 3న, లోకమంతటికీ చిరునామాలు పంచే ఐయానా తన దగ్గర మిగిలిన చివరి ఐదు పెద్ద ఐపీవీ4 వాటాలను ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచి చేతులు దులుపుకుంది. మన ప్రాంతపు సంస్థ ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్‌లో తన చివరి వాటాకు చేరుకుని, అప్పటి నుండి కొత్తవారికి కొలిచి కొలిచి ఇస్తోంది. ఆ తరువాత పుట్టిన ఆపరేటర్ సీజీనాట్ పెట్టుకోక ఏం చేస్తాడు? మీ ఊరి ఆపరేటర్‌ను నిందించలేము.

మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులు ఈ విషయంలో చాలా ముందున్నాయి. మీ ఫోనులో వైఫై ఆపి, చిరునామా చూడండి. కోలన్ గుర్తులతో 2409 వంటి అంకెలతో మొదలయ్యే పొడుగు చిరునామా కనిపించే అవకాశం ఎక్కువ. ఊళ్ళోని రౌటర్‌లో ఐపీవీ6 పేజీ తెరిపించి, 2తో మొదలయ్యే చిరునామా వచ్చిందేమో చూపించుకోండి. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది మాత్రమే ఉంటే అది ఆ తీగ దాటి పోని స్థానిక చిరునామా, లెక్కలోకి రాదు. 2తో మొదలయ్యేది ఉంటే, ఎన్‌వీఆర్‌కు ఐపీవీ6 తెలిసి ఉంటే, రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పరికరానికి, ఆ ఒక్క పోర్టుకు అనుమతి ఇస్తే చాలు. మధ్యవర్తి అవసరమే లేదు. మీరు చూసే చోట కూడా ఐపీవీ6 ఉండాలన్నది ఒక్కటే షరతు.

ల్యాబ్‌మాస్టారు

మీరు సరిగ్గా పట్టుకున్నారు. కాపాడుతోంది అన్న మాట వాడకుండా ఉండవలసింది. తరగతిలో విద్యార్థులకు నేనే ఈ తేడా చెబుతుంటాను, ఇక్కడ తొందరలో జారింది.

కాలువగట్టు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఊళ్ళో రౌటర్‌లో ఎఫ్‌ఈ80 ఒక్కటే ఉంది. ఆపరేటర్‌ను అడిగితే ఐపీవీ6 ఇంకా ఇవ్వడం లేదని మర్యాదగానే చెప్పారు. అందువల్ల తీగలమేస్త్రి గారు చెప్పిన సొరంగం మార్గమే పట్టాను. రాస్ప్‌బెర్రీ పై పెట్టెను ఇక్కడే సిద్ధం చేసి బస్సులో పంపాను. మా తమ్ముడు రౌటర్‌కు తగిలించగానే రెండు సొరంగాలూ లేచాయి. పై పెట్టెను పలకరిస్తే పలుకుతోంది. కానీ ల్యాప్‌టాప్‌లో 192.168.1.64 కొడితే ఎన్‌వీఆర్ బదులు మా హైదరాబాదు ఫ్లాట్‌లోని ప్రింటర్ పేజీ తెరుచుకుంటోంది. ఇంకొకటి, రెండు మూడు నిమిషాలు వాడకుండా వదిలేస్తే ఊరివైపు సొరంగం స్పందించడం మానేస్తోంది.

తీగలమేస్త్రి

మొదటిది మాస్టారు గారు చెప్పిన బుజ్జి సంగతే. మీ ఫ్లాట్‌లోనూ చిరునామాలు 192.168.1తోనే మొదలవుతున్నాయి. 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్క్ చూసి, మొదటి మూడు సంఖ్యలూ తన చిరునామాతో కలిశాయి కాబట్టి 64వ వాడు తన ఇంట్లోవాడేనని మీ ల్యాప్‌టాప్ తీర్మానించుకుంటోంది. అప్పుడు అది ప్యాకెట్‌ను సొరంగానికి ఇవ్వదు, 192.168.1.64 ఎవరు అని ఏఆర్‌పీ ద్వారా ఇల్లంతా వినబడేలా అడుగుతుంది. మీ ప్రింటర్ నేనే అని తన 48 బిట్ల మ్యాక్ చిరునామా (పరికరానికి ఉండే సొంత గుర్తింపు సంఖ్య) చెబుతోంది. ఊళ్ళోని రౌటర్‌లో, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ అమరికలో పరిధిని 192.168.57గా మార్పించి, ఎన్‌వీఆర్‌ను 192.168.57.64గా పెట్టి, సొరంగం అమరికలో అనుమతించిన చిరునామాలలో ఆ పరిధిని రాయండి. వీలైనంతవరకు ఎవరూ వాడని సంఖ్యను ఎంచుకోవడమే మంచిది.

రెండవది నాట్ పట్టికలో వరుస ఆయుష్షు తీరిపోవడం. వైర్‌గార్డ్ యూడీపీ మీద నడుస్తుంది, పని లేనప్పుడు మౌనంగా ఉంటుంది. పై పెట్టె వైపు అమరికలో పర్సిస్టెంట్ కీపలైవ్ అన్న చోట 25 అని రాయండి. 25 సెకన్లకు ఒకసారి పలకరింపు వెళుతుంది. అద్దె సర్వర్ వైపు ఆ అమరిక అవసరం లేదు, నాట్ వెనుక ఉన్నది పై పెట్టె కదా.

కాలువగట్టు

రెండూ మార్చాను. ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. గేటు పక్క కెమెరాలో నాన్న మొక్కలకు నీళ్ళు పెడుతూ కనిపిస్తున్నారు. సొరంగం తెరిచి నాలుగు గంటలైంది, ఒక్కసారి కూడా తెగలేదు. ఎన్‌వీఆర్ పాస్‌వర్డు మార్చాను, రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపించాను, మొదట రాయించిన 554 నియమాన్ని తీసివేయించాను.